లోపలికి పిలవని మనిషి

మా బావ చావుకి బెజవాడ డాక్టరమ్మే కారణమని తిరువూరులో చాలామంది నమ్ముతారు. లేని క్యాన్సరు ఉందని చెప్పి ఆవిడ ఆయన్ని ఇంటికి పంపేసిందని, ఆ మాట నమ్మి మేము మూడు వారాలు చేతులు ముడుచుకు కూర్చున్నామని, తీరా చూస్తే అది గుండె లోపలి పొరకి పట్టిన ఇన్‌ఫెక్షనని అంటారు. ఆయన పోయి సంవత్సరమైందని మొన్న చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ప్రసంగం మధ్యలో పాస్టరు అయ్యగారు "మనుషుల పొరపాట్లను దేవుడు క్షమించును గాక" అన్నారు. వింటున్న అందరి మనసులోనూ ఉన్నది ఆ డాక్టరమ్మే. నేను రెండో వరసలో, మా అక్క వెనకే కూర్చుని ఉన్నాను. అందరితో పాటు "ఆమేన్" అన్నాను.

ఆవిడ క్యాన్సరని చెప్పలేదు. చెప్పింది నేను.

నేను తిరువూరు మెయిన్ రోడ్డు మీద ఒక స్కానింగ్ సెంటర్లో ఎక్స్‌రే టెక్నీషియన్ని. ఇరవై ఆరేళ్లుగా అదే పని. మనిషిని నిలబెట్టడం, గడ్డం ఎత్తమనడం, ఊపిరి బిగబట్టమనడం, బటన్ నొక్కడం. ఫిల్ము చూసి ఏముందో చెప్పడం నా పని కాదు, రేడియాలజిస్టు పని. ఆయన వేరే ఊళ్లో ఉంటాడు. ఇక్కడ మేము తీసిన బొమ్మలు కంప్యూటర్లో ఆయనకి వెళతాయి. రిపోర్టు సాయంత్రానికో మర్నాటికో వస్తుంది. కానీ పెనుగొలను, నెమలి లాంటి పల్లెల నుంచి కూలి మానుకుని షేర్ ఆటోలో వచ్చిన మనిషి మర్నాటిదాకా ఎలా ఆగుతాడు? ఫిల్ము కవర్లో పెట్టి ఇస్తుంటే నా ముఖంలోకి చూసేవాడు. "ఏం లేదు కదా సార్?" అనేవాడు. మొదట్లో "రిపోర్టు రానీయండి" అనేవాణ్ణి. పోనుపోను చెప్పడం మొదలుపెట్టాను. ఎముక విరిగింది, నెమ్ము చేసింది, టీబీలా ఉంది ఆలస్యం చెయ్యకండి. చాలాసార్లు నేను చెప్పిందే రిపోర్టులో వచ్చేది. వచ్చినప్పుడల్లా నాలో ఏదో కొంచెం పెరిగేది. చర్చి సంఘంలో పెద్దవాళ్లు నన్ను "డాక్టరుగారూ" అని పిలవడం మొదలుపెడితే నేను వద్దనలేదు.

ఒప్పుకోనివాడు మా బావ ఒక్కడే.

ఆయన గంపలగూడెం వైపు ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు. తిరువూరు నుంచి రోజూ బండి మీద వెళ్లొచ్చేవాడు. నాకు ఆయన పెట్టిన పేరు ఫోటోగ్రాఫరు. "బట్టలిప్పించి ఫోటోలు తీసే స్టూడియో చుట్టుపక్కల మీదొక్కటేనయ్యా. ఒక్క ఫోటోలోనూ మనిషి నవ్వుతూ ఉండడు" అనేవాడు. నేను ఎవరి జబ్బు గురించైనా తీర్పు చెప్పినట్టు మాట్లాడితే వెంటనే పట్టుకునేవాడు. "స్టెప్పులు చూపించు. ఆన్సరొక్కటే రాస్తే మా పిల్లలకి నేను సున్నా వేస్తాను." అక్క నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి, లోపల కొంచెం గుచ్చుకున్నా.

ఆయనకి జ్వరం దసరా సెలవుల తర్వాత మొదలైంది. సాయంత్రం వణుకు, రాత్రి చెమటలు, తెల్లారేసరికి మామూలు. బండి వేసుకుని బడికి వెళ్లిపోయేవాడు. వీధి చివర ఆర్‌ఎంపీ ఇంజక్షన్లు చేసి యాంటీబయోటిక్ బిళ్ళలు ఇచ్చేవాడు. నాలుగు రోజులు తగ్గి మళ్లీ వచ్చేది. మళ్లీ బిళ్ళలు. నెలన్నర అలాగే గడిచింది. బెల్టుకి కొత్తగా రెండు బెజ్జాలు పడ్డాయి. దగ్గు కూడా తోడయ్యాక అక్క పోరు పడలేక మా సెంటరుకి వచ్చాడు.

"చొక్కా తీసి ఇక్కడ నిలబడు బావా. గడ్డం పైకి."

"ఫోటోగ్రాఫరువి, నవ్వమని చెప్పవేంటి?"

"ఊపిరి బిగబట్టు చాలు."

"పెళ్లైనప్పట్నించీ బిగబట్టే ఉన్నానయ్యా. మీ అక్కనడుగు."

బటన్ నొక్కాను. స్క్రీను మీద బొమ్మ వచ్చింది. రెండు ఊపిరితిత్తుల్లోనూ గుండ్రటి మచ్చలు. కొన్ని బఠాణీ గింజంత, కొన్ని రూపాయి బిళ్ళంత. ఆ రకం బొమ్మ నాకు కొత్త కాదు. ఒంట్లో ఎక్కడో పుట్టిన క్యాన్సరు ముదిరి ఊపిరితిత్తులకి పాకినవాళ్లలో అలాంటి మచ్చలే చూశాను. అలాంటి ఫిల్ము పట్టుకుని వెళ్లినవాళ్లెవరూ మరుసటి ఏడు మళ్లీ నా గదిలో నిలబడలేదు.

బావ చొక్కా గుండీలు పెట్టుకుంటూ "ఎలా వచ్చిందేంటి ఫోటో?" అన్నాడు. "నెమ్ములా ఉంది" అన్నాను. ఆ సాయంత్రమే, రిపోర్టు రాకముందే, అక్కని మందుల షాపు పక్కకి పిలిచి చెప్పేశాను. అక్క ఒక ప్రైవేటు బళ్లో రెండో తరగతి టీచరు. అప్పుడే బడి నుంచి వచ్చింది. చేతిలో లంచ్ బ్యాగు ఉంది. ఏడవలేదు. "నువ్వు చూశావుగా, సరిగ్గా చూశావుగా?" అని రెండుసార్లు అడిగింది. చూశానన్నాను.

మర్నాడు వచ్చిన రిపోర్టులో క్యాన్సరన్న మాట లేదు. మచ్చలకి కారణం తేల్చాలి, సీటీ స్కాను, గుండె స్కాను చేయించండి అని ఉంది. రిపోర్టులు అలాగే రాస్తారులే అనుకున్నాను.

మా నాన్న క్యాన్సరుతోనే పోయాడు. ఆరు నెలలు గుంటూరులో గొట్టాల మధ్య ఉన్నాడు. చివర్లో "నన్ను ఇంటికి తీసుకెళ్లండ్రా" అని బతిమాలాడు. ఆ మాట నేనూ అక్కా ఇద్దరం విన్నాం. ఆయనకి జబ్బు పేరు చివరిదాకా చెప్పలేదు. మా ఇళ్లల్లో చెప్పరు. జబ్బు మనిషిది, కబురు ఇంటివాళ్లది. బావ విషయంలోనూ ఆయనకి తెలియకూడదని అక్కా నేనూ ఆ మందుల షాపు దగ్గరే అనుకున్నాం.

నాలుగు రోజుల తర్వాత ముగ్గురం కారు మాట్లాడుకుని మైలవరం మీదుగా బెజవాడ వెళ్లాం. పొద్దున సీటీ తీశారు, మధ్యాహ్నం గుండెకి ఎకో స్కాను. సాయంత్రం గుండె డాక్టరు గది ముందు కుర్చీల్లో కూర్చున్నాం. బావ ఒళ్లో పిల్లల పరీక్ష పేపర్ల కట్ట ఉంది. అంత జ్వరంలోనూ ఎర్ర పెన్నుతో దిద్దుతున్నాడు.

నర్సు తలుపు తీసి, "పేషెంటు తాలూకు ఎవరండీ?" అంది.

నేను లేచాను. బావ కూడా పేపర్లు పక్కన పెట్టి లేవబోయాడు. ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను.

"నువ్వు కూర్చో బావా. నేను మాట్లాడొస్తా. అక్కా, నువ్వు బావ దగ్గరుండు."

"సరే వెళ్లిరా" అన్నాడు. "ఆన్సరొక్కటే కాదు, స్టెప్పులు కూడా రాయించుకురా."

ఆ డాక్టరమ్మకి ముప్పై అయిదు దాటి ఉండవు. కంప్యూటర్లో బావ గుండె కదులుతోంది. కుడివైపు వాల్వ్ దగ్గర ఒక ముద్ద, గుండె కొట్టుకున్నప్పుడల్లా అటూ ఇటూ ఊగుతోంది. ఆవిడ పెన్ను మొనతో చూపించింది.

"ఇది రెండింట్లో ఏదైనా కావొచ్చండి. గుండె లోపలి పొర మీద, వాల్వ్‌ల మీద క్రిములు పేరుకుని ఇలా ముద్ద కట్టొచ్చు. ఆ ముక్కలు విరిగి ఊపిరితిత్తుల్లోకి వెళితే ఇలాంటి మచ్చలే వస్తాయి. లేదా ఇది ట్యూమరు కావొచ్చు. ఈ బొమ్మల్ని బట్టి ఇదీ అని చెప్పలేను."

"పెట్ స్కాను చేస్తే తెలిసిపోతుంది కదండీ?" అన్నాను. నాకు తెలిసిన పెద్ద మాట అది.

"అందులో క్యాన్సరూ వెలుగుతుంది, ఇన్‌ఫెక్షనూ వెలుగుతుంది. అవసరమైతే తర్వాత చూద్దాం. ముందు గొంతులోంచి ఎకో చెయ్యాలి. గుండె వెనకనుంచి దగ్గరగా కనిపిస్తుంది. ఈ ముద్ద వాల్వ్ రేకుకి వేలాడుతోందా, గుండె గోడలోంచి పుట్టిందా అన్నది చూడాలి. రక్తం మూడుసార్లు తీసి కల్చర్‌కి పంపాలి. యాంటీబయోటిక్స్ వాడేశారు కాబట్టి క్రిమి ఒక్కసారికే దొరక్కపోవచ్చు. ఇవాళే చేర్పించండి."

నేను తల ఊపుతున్నాను. ఆవిడ కాగితం ముందుకి లాక్కుంది.

"గుండెలో ఒక చప్పుడు వినిపిస్తోంది. చిన్నప్పట్నించి గుండె సమస్య ఏమైనా ఉందా? చిల్లు ఉందని ఎవరైనా చెప్పారా?"

"లేదండి."

"ఈ మధ్య పన్ను పీకించుకున్నారా? చీముపట్టిన పుండ్లు ఏమైనా?"

"లేదండి. అలాంటివేం లేవు."

ఆవిడ రాయడం ఆపి నన్ను చూసింది. "మీరు ఆయనకి ఏమవుతారు?"

"బావమరిదినండి. ఎక్స్‌రే టెక్నీషియన్ని."

"ఆయన్ని లోపలికి పిలవండి. నేనే అడుగుతాను."

"వద్దు మేడం. ఆయనకి క్యాన్సరని తెలియకూడదు."

"క్యాన్సరని నేను అనలేదండి."

"మీరనరు మేడం, నాకు తెలుసు. మేమూ ఈ ఫీల్డులోనే ఉన్నాం."

ఆవిడ ఇంకోసారి అంది, పిలవండి అని. నేను ఇంట్లో మాట్లాడుకుని వస్తామన్నాను. ఆవిడ ఏదో రాసి కాగితం ఇచ్చింది. మడిచి ఫిల్ముల కవర్లో పెట్టుకున్నాను.

ఆ గదిలో నేను అబద్ధమాడుతున్నానని నాకు తెలియదు. అడిగిన రెంటికీ జవాబు నా దగ్గర లేదు. తెలియదు అనే మాట కూడా నా నోటికి రాలేదు, అంతే. ఇన్నేళ్లలో డాక్టర్లు చావు కబురు ఎలా చెబుతారో చాలాసార్లు చూశాను. నేరుగా చెప్పరు. "చూద్దాం" అంటారు, "ఇంకో టెస్టు చేద్దాం" అంటారు, మెట్టు మెట్టుగా దించుతారు. ఆవిడ "చెప్పలేను" అన్నప్పుడు అదీ అలాంటి మెత్తదనమే అనుకున్నాను. ఇన్‌ఫెక్షను కావొచ్చన్న మాటని ఓదార్పు కింద జమకట్టాను. ఆవిడకి నిజంగానే తెలియదేమో, తెలియనప్పుడు తెలియదని చెప్పే డాక్టర్లు ఉంటారేమో అని నాకు తట్టలేదు.

బయటికొచ్చి లిఫ్టు పక్కకి అక్కని పిలిచాను.

"క్యాన్సరేనక్కా. గుండెలోకి కూడా వచ్చింది."

"చేర్పించమన్నారా?"

"చేర్పిస్తే ఏం లాభం? గొంతులోంచి గొట్టం వేస్తామంటున్నారు. నాన్న గుర్తున్నాడు కదా."

"ఆవిడ ఇంకేం చెప్పలేదా?"

"అంతే."

ఆ "అంతే" మాత్రం తెలిసి ఆడిన అబద్ధం. ఆవిడ చెప్పిన రెండు మాటల్లో ఒకటి నా జేబులో వేసుకుని రెండోది అక్క చేతిలో పెట్టాను. లేనిపోని ఆశ పెట్టడం ఎందుకని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నేను ముందే చెప్పిన మాట తప్పని తేలడం నాకు ఇష్టం లేకపోవడం కూడా అందులో ఉంది. ఎంత ఉందో ఇప్పటికీ తూచలేను.

బావ పెన్ను మూత పెడుతూ "ఏమన్నారు?" అన్నాడు.

"నెమ్మే. మందులిచ్చారు."

"ఇంత పెద్ద ఆస్పత్రికి ఇంత చిన్న ఆన్సరా?" అన్నాడు. పేపర్ల కట్టకి రబ్బరు బ్యాండు వేసుకుని లేచాడు.

తర్వాత మూడు వారాలు ఇంట్లోనే. జ్వరం బిళ్ళలు, పలచటి జావ. అక్క తట్టుకోలేక సంఘంలో ఇద్దరికి చెప్పింది. వారం తిరిగేసరికి అందరికీ తెలిసింది, ఆయనకి తప్ప. మనుషులు పళ్లు పట్టుకుని వచ్చి, మంచం పక్కన కూర్చుని, కళ్లు తుడుచుకుని వెళ్లేవాళ్లు. ఒకరోజు అలా ఇద్దరు వెళ్లాక బావ నావైపు తిరిగి, "ఏంటయ్యా, నెమ్ముకి ఇంతమంది ఏడుస్తారా?" అన్నాడు. నేను దిండు సర్దుతున్నట్టు వంగాను.

ఒక శనివారం పొద్దున దగ్గులో రక్తం పడింది. నేనే ఆటోలో సెంటరుకి తీసుకొచ్చాను. ఏం చూద్దామని తెచ్చానో నాకే తెలియదు. ఎంత పెరిగిందో చూద్దామని కావొచ్చు. ఈసారి చొక్కా నేనే తీశాను. నిలబడలేకపోతే స్టూలు మీద కూర్చోబెట్టి తీశాను. జోకు వేస్తాడేమోనని ఒక్క క్షణం ఆగాను. ఆయనకి ఊపిరి సరిపోవడం లేదు.

కొత్త బొమ్మ పక్కన పాతది పెట్టాను.

మొదట కుడివైపు చూశాను. పాతదాంట్లో రూపాయి బిళ్ళంత ఉన్న మచ్చ ఇప్పుడు లోపల ఖాళీ అయి ఉంగరంలా ఉంది. ఎడమవైపు కింద ఉండాల్సిన రెండు మచ్చలు లేవు. ఎక్కడో పొరపాటు పడ్డానేమోనని పాత ఫిల్ము మీద వేలు పెట్టి, ఎముకలు లెక్కబెట్టి, అదే చోటు కొత్తదాంట్లో వెతికాను. లేవు. వేరే చోట్ల కొత్తవి మూడు వచ్చాయి. క్యాన్సరు మచ్చ పెరుగుతుంది. మందు పడకుండా తనంతట తాను చెరిగిపోయి ఇంకో చోట పుట్టదు. అంతమాత్రం ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు. విరిగిన ముక్కలు వచ్చి పడుతున్నాయి, పాతవి మానుతున్నాయి, కొత్తవి పడుతున్నాయి. డాక్టరమ్మ పెన్నుతో చూపించి చెప్పింది అదే.

బావ స్టూలు మీదే గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆవిడ అడిగిన ప్రశ్నలే అడిగాను, పన్ను సంగతి ముందు.

"దసరాకి ముందు దవడ పన్ను పీకించానుగా. వారం రోజులు బుగ్గ బూరెలా ఉంది. మీ అక్క మెత్తన్నం కలిపి పెట్టేది."

"చిన్నప్పుడు గుండెకేమైనా..."

"మా అమ్మ ఎవరో పెద్ద డాక్టరుకి చూపించింది. సన్నటి చిల్లుంది, భయం లేదన్నాడు. సంబంధాలు చూసేటప్పుడు బయటపెట్టొద్దంది అమ్మ." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "తర్వాత నేనే మర్చిపోయా."

"మరి బెజవాడలో ఎందుకు చెప్పలేదు బావా?"

"నన్నెవరడిగారయ్యా?" అన్నాడు. "లోపలికి వెళ్లింది నువ్వు కదా."

అప్పుడే కారు మాట్లాడి ఆయన్ని ఎక్కించి ఉండాల్సింది. నేను చెయ్యలేదు. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. బొమ్మలు రేడియాలజిస్టుకి పంపి, ఆయన్ని ఇంటి దగ్గర దించేశాను. రిపోర్టు సోమవారం వస్తుందని నాకు తెలుసు. ఆ మాట ఇంకొకరి నోటి నుంచి రావాలని ఆగాను. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటి నిండా జనం వచ్చారు. అయ్యగారు బావ తల మీద చెయ్యి పెట్టి క్యాన్సరు రోగిని స్వస్థపరచమని ప్రార్థించారు. ఆ మాట బావ విన్నాడు. కళ్లు తెరిచి నన్ను చూశాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. నాకు నిజం తెలిసి అప్పటికి ఒక రోజైంది.

సోమవారం పదిన్నరకి రిపోర్టు వచ్చింది. ఇన్‌ఫెక్షను తాలూకు ముక్కలు కావొచ్చు, వెంటనే గుండె డాక్టరుకి చూపించండి అని. దాన్ని పట్టుకుని, అప్పుడే నాకూ తెలిసినట్టు, అక్క ఇంటికి పరిగెత్తాను.

అదే ఆస్పత్రి, అదే డాక్టరమ్మ. ఇంతకాలం ఏమైపోయారని అడగలేదు. ఈసారి నేరుగా బావ పక్కకే వెళ్లి వంగి అడిగింది. ఆయన పన్ను గురించి, చిల్లు గురించి రెండు నిమిషాల్లో చెప్పేశాడు. ఆ సాయంత్రమే గొంతులోంచి ఎకో చేశారు. తర్వాత ఆవిడ నాకు చూపించింది, నేను ఈ పనిలో ఉన్నవాణ్ణని గుర్తుంది కాబోలు. ట్యూమరైతే గోడలో పాతుకుని ఉండేది. ఇది వాల్వ్ రేకు చివర పీలికలా వేలాడుతోంది. దాని ఎదురుగా గోడలో సన్నటి చిల్లు. మొదటిసారి ముద్ద అడ్డుగా ఉండి అది కనబడలేదట. చిల్లులోంచి చిమ్మే రక్తం సరిగ్గా ఆ రేకు మీదే పడుతోంది. రేకు చిరిగిపోయింది.

"ఎప్పుడు చిరిగిందండీ?" అన్నాను.

"ఈ మధ్యే. ఎన్ని రోజులని చెప్పలేను."

మూడో రోజు రక్తంలో క్రిమి దొరికింది. మందు అప్పటికే ఎక్కిస్తున్నారు. జ్వరం తగ్గింది కూడా. కానీ కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఆపరేషనుకి ఒళ్లు తట్టుకోదన్నారు. ఐసీయూకి మార్చే ముందు, అక్క కిందికి మందులకి వెళ్లినప్పుడు, బావ నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"మొదట్లో క్యాన్సరనుకున్నది నువ్వేనా?"

తల ఊపాను.

"స్టెప్పులు వెయ్యలేదు" అన్నాడు. కోపంగా కాదు, పేపరు దిద్దుతున్నప్పుడు అన్నట్టు. కాసేపటికి మళ్లీ అన్నాడు. "మీ అక్కకి ఇప్పుడు చెప్పకు. బెంబేలు పడుద్ది. నేను లేచాక నువ్వే చెప్పు."

ఆయన లేవలేదు. చేర్పించిన పన్నెండో రోజు పొద్దున పోయాడు.

వరండాలో అక్క డాక్టరమ్మ కోటు పట్టుకుంది. "క్యాన్సరని చెప్పి పంపించారు కదమ్మా! మూడు వారాలు! మీకు చదువెవరు చెప్పారు?" బంధువులు మూగారు. ఒకతను ఫోన్ పైకెత్తాడు. డాక్టరమ్మ కదలకుండా నిలబడి, "నేను క్యాన్సరనలేదమ్మా. మీ తమ్ముడుగారికి రెండూ చెప్పాను" అంది.

అక్క నావైపు తిరిగింది.

"ఆవిడ సరిగ్గా చెప్పలేదక్కా" అన్నాను.

డాక్టరమ్మ నన్ను చూసింది. మొదటి రోజు రాయడం ఆపి చూసిన చూపే అది. తల తిప్పుకుని వార్డులోకి వెళ్లిపోయింది. ఫోన్లో తీసిన వీడియో ఆ రోజే తిరువూరు వచ్చేసింది. మా ఊరి వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరిగింది. అందులో నా మాట స్పష్టంగా వినిపిస్తుంది. కొన్నాళ్లకి ఆవిడ ఆ ఆస్పత్రిలో లేదని తెలిసింది. ఎందుకు మానేసిందో నాకు తెలియదు, తెలుసుకునే ధైర్యం చెయ్యలేదు. "నేను లేచాక చెప్పు" అన్నాడు కదా బావ, ఆయనే లేవలేదు, ఇక చెప్పాల్సిన పని లేదు అని ఏడాది పాటు ఆ మాట చాటున దాక్కున్నాను.

కూడిక అయిన మర్నాడు సాయంత్రం ఫిల్ముల కవరు తీసుకుని అక్క ఇంటికి వెళ్లాను. రెండో తరగతి పిల్లల కాపీ పుస్తకాలు ముందేసుకుని ఉంది. కవర్లోంచి ఆ మడత కాగితం తీసి ఇచ్చాను. డాక్టరమ్మ మొదటి రోజు ఇంగ్లీషులో రాసింది. ఇన్‌ఫెక్షనా, ట్యూమరా, తేలలేదు. ఇవాళే చేరమని చెప్పాను. చిన్నప్పటి గుండె జబ్బు, పన్ను, రెండూ లేవని బావమరిది అన్నాడు. పేషెంటుని లోపలికి పంపడానికి ఒప్పుకోలేదు.

అక్క మూడుసార్లు చదివింది. తర్వాత నేను చెప్పాల్సిందంతా చెప్పాను, శనివారం నుంచి సోమవారం దాకా కూడా.

అక్క ముందున్న కాపీ పుస్తకాలు పక్కకి నెట్టింది. "పన్ను సంగతి నాకు తెలుసు కదరా" అంది. "మెత్తన్నం కలిపి పెట్టింది నేను. నేనూ తలుపవతలే కూర్చుని ఉన్నా కదా. తలుపు తీసి అడిగితే సరిపోయేది కదరా."

అక్క కాగితం మళ్లీ మడిచి నా చేతికిచ్చింది.

"ఆ డాక్టరమ్మాయికి చెప్పావా?"

"లేదు."

"కోటు పట్టుకుని చదువెవరు చెప్పారని అడిగాను ఆ పిల్లని" అంది. ఇప్పుడు ఏ ఆస్పత్రిలో ఉందో కనుక్కోమంది. తనూ వస్తానంది.

వారం తర్వాత బెజవాడ బస్సెక్కాం. అక్క ముందు సీట్లో కూర్చుంది. నేను నాలుగు వరసల వెనక. ఆ కొత్త ఆస్పత్రిలో కూడా గది ముందు వరసగా కుర్చీలే. వంతు వచ్చాక అక్క లేవలేదు. "ముందు నువ్వెళ్లు. నాకు ముఖం చెల్లట్లేదు" అంది.

డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది. కూర్చోమనలేదు. నేను నిలబడే, "మీరు రెండూ చెప్పారు మేడం, నేనే అబద్ధమాడాను" అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"ఒక్కరే వచ్చారా?"

"అక్క బయట కూర్చుంది."

"లోపలికి పిలవండి."

తలుపు తీశాను. అక్క నా ముఖం చూసి లేచి వచ్చింది. ఆవిడ కాళ్ల వైపు వంగబోతే డాక్టరమ్మ చేతులు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. ఇద్దరి ముందూ మొత్తం మళ్లీ చెప్పాను. ఆ వీడియోకి జవాబుగా ఇదంతా రాసి ఊళ్లో అందరికీ చేరేలా చేస్తానన్నాను. ఆవిడ చెయ్యమనీ వద్దనీ అనలేదు.

అక్క ఒక్కటే అడిగింది. "మొదటి రోజే చేరి ఉంటే బతికేవాడా అమ్మా?"

"చాలామంది బతుకుతారు" అంది డాక్టరమ్మ. "ఆయన బతికేవారా అంటే, చెప్పలేనమ్మా."

అక్క నావైపు తిరిగింది. ఆవిడ చెప్పినదాంట్లో ఇంకేమైనా ఉందా, నేను దాచుకునేది ఏమైనా ఉందా అన్నట్టు.

"అంతే చెప్పారక్కా" అన్నాను.